నేలమీద రంగనాయకి

పడవ కొన్నవాడికి ముందుగా కావలసింది నీళ్ళే అనుకునే అమాయకులు ఇంకా ఈ భూమ్మీద మిగిలే ఉన్నారు. రాచపేటలో కుట్టుమిషన్లు బాగుచేసే గవర్రాజు వాళ్ళలో ఒకడు.

గవర్రాజుకి ఏభై దాటాయి. ఊళ్ళో కుట్టుమిషన్లన్నిటి రోగాలూ అతనికి కంఠతా వచ్చు. వారమంతా వాటితో కుస్తీపట్టి, ఆదివారం వచ్చేసరికి సైకిలెక్కి చినరేవు పోయేవాడు. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటు అది. గట్టుమీద చతికిలబడి తెరచాప పడవలు చూస్తూ కూర్చుంటే అతనికి అన్నం సంగతి కూడా గుర్తుండేది కాదు. ఇంజన్లు వచ్చాక తెరచాపలు ఒక్కొక్కటే కనుమరుగైపోయి, చివరికి రేవులో ఒకే ఒక్క చాప పడవ మిగిలింది. దాని పేరు రంగనాయకి. వయసు మళ్ళిన పడవ. దాన్ని నడిపే ధనరాజుకి చూపు మందగించి, వంటచెరకు కింద అమ్మేద్దామనుకుంటున్నాడని తెలిసిన రోజున గవర్రాజు గుండె గుభేలుమంది. వెనకా ముందూ చూసుకోకుండా కొనేశాడు.

"దీని గుణాలేంటో కాస్త చెప్పండి ధనరాజు గారూ," అన్నాడు, కొత్త యజమాని హోదాలో.

"చెప్తే వచ్చేవి కాదండి అవి," అన్నాడు ధనరాజు. "నాలుగు వారాలు నీళ్ళమీద తిరగండి, ఆవిడే చెబుద్ది. ఒక్కటే అడుగుతున్నాను. ఎండలో మాత్రం పెట్టకండి బాబూ. ముసలి చెక్క. నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ ఏ ఢోకా లేదు. ఒడ్డున పడేసి ఎండబెడితే పలకలు ముడుచుకుపోయి సందులిచ్చేస్తాయి. ఆ తర్వాత పొయ్యిలోకే."

ఇంటికెళ్ళి ఈ శుభవార్త చెప్పేసరికి భార్య మంగాయమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. తలెత్తకుండా విని, "ఈ వయసులో నాకు సవతిని తెచ్చారన్నమాట," అంది. "పోనీలెండి, నాకంటే పెద్దదేగా. మరి కట్టుకోడానికి దానికేమన్నా ఉందా, లేకపోతే అదీ నేనే చూడాలా?" అని అడిగింది. పాత తెరచాప చిరుగులు పట్టి ఉందని విన్నాక చేట పక్కన పెట్టేసింది. మందపాటి గుడ్డ తెప్పించి, దుకాణంలోకెల్లా మొండి మిషను ముందేసుకుని, ఎన్ని సూదులు విరిగినా లెక్కచెయ్యకుండా కొత్త చాప కుట్టి పెట్టింది. కుట్టడం పూర్తయ్యేసరికి రంగనాయకి మీద భర్తకి ఎంత హక్కుందో తనకీ అంత హక్కుందని ఆవిడ తీర్మానించుకుంది.

ఇక చాప ఎత్తడమే తరువాయి. అయితే చినరేవులో ఎవరో అన్నారు, పడవ చేతులు మారినప్పుడు ఆఫీసులో చిన్న కాగితం తీసుకోవాలని. చిన్న కాగితమే కదా, మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానని చెప్పి గవర్రాజు బయల్దేరాడు.

ఆ ఆఫీసు పేరు జలవాహన క్షేమ సంస్థ. రాచపేట కాలవ గట్టునే ఉంటుంది. వెనక గోడ దాటితే కాలవ, కాలవలో పడితే చినరేవు. ఆ గోడకి ఒక్క కిటికీ కూడా లేదు. నీళ్ళు కనిపిస్తే సిబ్బంది దృష్టి మరలుతుందని కట్టేటప్పుడే జాగ్రత్తపడ్డారు. లోపల పరిచయాధికారి కోదండపాణి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన నీళ్ళని ఫైళ్ళలోనే చూశాడు గానీ, ఏ రోజూ ఒక మాట తూలిన మనిషి కాదు.

"సదరు పడవ వయసెంత?"

"ఏభై పైనే ఉంటాయండి."

"అయితే అది వయోవృద్ధ పడవ. తమరు నూతన యజమాని. వయోవృద్ధ పడవకి నూతన యజమాని సంక్రమించిన సందర్భంలో పరస్పర పరిచయ పథకం వర్తిస్తుంది." గోడమీదున్న రంగుల బొమ్మ చూపించాడు. అందులో ఒక పడవా ఒక మనిషీ కరచాలనం చేసుకుంటున్నారు. పడవకి చెయ్యి ఉండదు కాబట్టి చిత్రకారుడు ఒకటి అతికించాడు.

ఆ పథకానికో కథ ఉంది. కిందటేడు ఎక్కడో ఒక పాత పడవ కొత్త యజమాని చేతిలో ఒరిగి, అందులో షికారుకొచ్చిన ఒక ముఖ్యమైన మనిషి బావమరిది మోకాలి లోతు బురదలో పడ్డాడు. పోయింది ఒక జత చెప్పులూ, పులిహోరతో సహా ఒక కేరేజీ. మనిషి మీద మచ్చ పడలేదు, పరువు మీద పడింది. వెంటనే కమిటీ వేశారు. కమిటీ వారు చల్లగా ఉంటుందని కొండమీది అతిథిగృహంలో కూర్చుని, సముద్రం జోక్యం లేకుండా నిష్పక్షపాతంగా ఆలోచించి, ఆ పడవకీ ఆ యజమానికీ తగినంత పరిచయం లేకపోవడమే ఒరగడానికి కారణమని తేల్చారు.

"అదెంతండీ, నీళ్ళమీద నాలుగు రోజులు తిప్పితే పరిచయమైపోద్ది," అన్నాడు గవర్రాజు.

"పరిచయం కాకుండా నీళ్ళమీద తిప్పడం నేరం."

"మరి నీళ్ళమీద తిప్పకుండా పరిచయం ఎలాగవుద్దండి?"

"నేలమీద," అన్నాడు కోదండపాణి ప్రసన్నంగా. "నేలమీద ఇంతవరకూ ఒక్క పడవ కూడా మునగలేదని కమిటీ వారు అంకెలతో సహా నిరూపించారు. సదరు పడవని మా ఆవరణలో హాజరుపరచండి."

గవర్రాజు బుర్ర గోక్కున్నాడు. "సరే, మీ గోడ వెనకే కాలవుంది కదండి. తెడ్డేసుకుని సాయంత్రానికి తెచ్చేస్తాను."

కోదండపాణి ముఖం పాలిపోయింది. "నీటిమార్గాన తెస్తే నీటితో సంపర్కం ఏర్పడుతుంది. పరిచయానికి ముందు సంపర్కం నిషిద్ధం. రోడ్డుమార్గాన తీసుకురండి."

ఆ విధంగా రంగనాయకి కాలవ పక్కనున్న రోడ్డు మీద, కాలవని చూసుకుంటూ, లారీలో ఊరేగుతూ రాచపేట వచ్చింది. సినిమా షూటింగేమోనని పిల్లలు వెంటపడ్డారు. ఏ దేవుడి వాహనమోనని ఓ ముసలమ్మ దణ్ణం పెట్టుకుంది. చాప కొయ్య తగిలి టీవీ తీగలు తెగిపోయి సాయంత్రం సీరియళ్ళు రాకపోయేసరికి, వీధివీధంతా ఏకమై గవర్రాజుని తిట్టిపోసింది.

ఆఫీసు ఆవరణలో సైకిళ్ళ షెడ్డుకీ, చచ్చిపోయిన జీపుకీ మధ్య, నడినెత్తిన సూర్యుడు తప్ప పైన మరో కప్పు లేనిచోట, సిమెంటు ఇటుకల మీద రంగనాయకిని కూర్చోబెట్టారు.

మొదటి దశ పేరు ఏకాంత సంభాషణ. యజమాని ఆఫీసు తెరిచింది మొదలు మూసేదాకా పడవలో కూర్చుని దానితో మాట్లాడాలి. మధ్యాహ్నం భోజనవేళ దిగిపోవాలి. విరామం ఇద్దరికీ వర్తిస్తుందని కోదండపాణి వివరించాడు. గవర్రాజుకి మొదట్లో సిగ్గు ముంచుకొచ్చింది. పడవతో ఏం మాట్లాడతాడు? చివరికి తనకి తెలిసిన విద్యే గతి అనుకుని, ఏ మిషనుకి దారం ఎందుకు తెగుతుందో ఒకటొకటిగా చెప్పుకొచ్చాడు. కిటికీలోంచి ఒక గుమాస్తా చూసి రాసుకునేవాడు. వారం తిరిగేసరికి నివేదిక వచ్చింది. "యజమాని చొరవగా ఉన్నాడు. పడవ ముభావంగా ఉంది."

"పరస్పరం అన్నాక రెండువైపులా ఉండాలి కదా," అని కోదండపాణి దిగులుపడ్డాడు. "తమరికి పడవ తెలిస్తే చాలదు, పడవకి తమరు తెలియాలి." దానికీ ఒక పరీక్ష ఉంది. ముగ్గురు కొత్తవాళ్ళని ఒకరి తరవాత ఒకర్ని పడవ ఎక్కించి, ఆ తర్వాత యజమానిని ఎక్కిస్తారు. యజమాని ఎక్కినప్పుడు పడవలో ఏదో ఒక మార్పు కనిపించాలి. ఆఫీసు వంటమనిషీ, కొరియరు తెచ్చినతనూ, దారినపోతూ జామకాయలమ్ముకునే ఆవిడా వరసగా ఎక్కి దిగారు. ఇటుకల మీదున్న రంగనాయకి ఎవరికీ కదల్లేదు. తర్వాత గవర్రాజు ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే ఎండిన పలక ఒకటి టప్పున చప్పుడు చేసింది.

"పలికింది!" అని కోదండపాణి లేచి నిలబడ్డాడు. అటెండర్లు చప్పట్లు కొట్టారు.

గవర్రాజుకి మాత్రం ప్రాణం చివుక్కుమంది. ఆ చప్పుడేమిటో అతనికి తెలుసు. వంగి చూశాడు. పలకకీ పలకకీ మధ్య రూపాయి బిళ్ళ అంచు పట్టేటంత సందు. అతను రంగనాయకి లోపల కూర్చుని కబుర్లు చెబుతున్నంతసేపూ ఆవిడ కింద నోరెండి చస్తోంది.

"సార్, కాస్త నీళ్ళు పొయ్యనివ్వండి," అని చేతులు జోడించాడు. "రోజూ రెండు కుండలు. లేపోతే చచ్చిపోద్దండి ఇది."

"నీళ్ళా?" అన్నాడు కోదండపాణి. ఆయన చెడ్డమనిషి కాదు, పాపం. నిజంగానే బాధపడుతూ నిబంధనల పుస్తకం తిరగేశాడు. "సంపర్కం అన్న పదానికి పరిమాణం చెప్పలేదు. కుండైనా సముద్రమైనా ఒకటే. నా చేతుల్లో ఏమీ లేదు గవర్రాజు గారూ."

రెండో దశ అనుభవపూర్వక శిక్షణ. గాలికి రెండు నిలువు ఫ్యాన్లు తెచ్చి పెట్టారు. మంగాయమ్మ కుట్టిన చాపని ఎత్తించి ఫ్యాన్లు వేస్తే, చాప ఓసారి బద్ధకంగా ఉబ్బింది, వెంటనే కరెంటు పోయింది. "గాలి లేని వాతావరణంలో యజమాని సంయమనం పాటించాడు," అని రాసుకున్నారు. కెరటాల కోసం అటెండర్లని పడవకి రెండువైపులా నిలబెట్టి ఊపమన్నారు. వాళ్ళు ఊపారు. మర్నాడు నడుములు పట్టేశాయి. మూడోనాడు కెరటాల పని తమ ఉద్యోగధర్మాల్లో లేదని సంఘం తరఫున వినతిపత్రం ఇచ్చి, తరంగ భత్యం మంజూరయ్యేదాకా సముద్రం ప్రశాంతంగా ఉంటుందని ప్రకటించారు.

మంగాయమ్మ కేరేజీ తెచ్చినప్పుడల్లా పడవ చుట్టూ తిరిగి సందుల్లో వేలు పెట్టి చూసేది. బిళ్ళ అంచు పట్టిన చోట ఇప్పుడు చిటికెన వేలు పడుతోంది. "నేను కుట్టిన చాప ఏ కట్టెలకి కడతారండీ, ఇక?" అని ఒకరోజు కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రం ఇద్దరూ గోనెసంచులు తడిపి, ఎండ తగలకుండా అన్న వంకతో పడవ మీద కప్పారు. మర్నాడే మెమో వచ్చింది. "సదరు గోనెసంచులలో తేమ ఉన్నట్లు ప్రాథమిక పరిశీలనలో వెల్లడైనందున, శిక్షణ మొదటి దశ నుంచి ఎందుకు పునఃప్రారంభించరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

గవర్రాజు ఆఫీసులో కూర్చుని సంజాయిషీ ఇంకా రాస్తూనే ఉన్నాడు, మధ్యాహ్నం వేళ ఆకాశం నల్లబడి, ఉరిమి, మొదటి చినుకు పడింది. గవర్రాజు ప్రాణం లేచొచ్చింది. కాగితం వదిలేసి బయటికి పరిగెత్తాడు. దేవుడికి మెమో ఇవ్వలేరు కదా అనుకున్నాడు.

అతని కంటే ముందే ఆఫీసు కదిలింది. "పడవ తడిసిపోతోంది!" అని కోదండపాణి కేకపెట్టాడు. ఫైళ్ళు తడిసినా లేవనివాళ్ళు లేచారు. టార్పాలిన్ తెచ్చారు. అది చాలకపోతే సమావేశం గది తెరలు పీకి తెచ్చారు. అవీ చాలకపోతే సిబ్బంది అంతా సొంత గొడుగులు విప్పి పడవ చుట్టూ వరసగా నిలబడ్డారు. తరంగ భత్యం గొడవ పక్కన పెట్టి అటెండర్లు కూడా వచ్చారు. వాన వెలిసేదాకా వాళ్ళు నిలువునా తడిసి ముద్దయ్యారు గానీ, పడవ మీద ఒక్క చుక్క పడనివ్వలేదు. రంగనాయకికీ నీటికీ మధ్య అంత నిజాయితీగా నిలబడ్డ మనుషుల్ని చూసి గవర్రాజుకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తుమ్ముతున్న కోదండపాణికి తన తువ్వాలు ఇచ్చి ఇంటికి పోయాడు.

ఈలోగా పథకం ఊపందుకుంది. చుట్టుపక్కల ఊళ్ళలో చేతులు మారిన పడవలన్నీ లారీలెక్కి ఆవరణలోకి చేరాయి. సైకిళ్ళ షెడ్డు తీసేశారు. నీళ్ళమీద పడవలు తగ్గిన కొద్దీ ప్రమాదాలు తగ్గుతూ వచ్చి, ఒక నెల సున్నాకి చేరాయి. రాజధాని నుంచి అభినందనలు వచ్చాయి. ఆ వెనకే డైరెక్టర్ జనరల్ నిరంజనప్రసాద్ స్వయంగా వస్తున్నారన్న కబురు వచ్చింది. ఆయన చేతులమీదుగా మొదటి ధ్రువపత్రం ఇవ్వాలి, తొలి పడవని నీట దింపాలి. అందుకు అన్ని దశలూ పూర్తిచేసిన పడవ ఒక్క రంగనాయకే. సంజాయిషీ సంగతీ, ఆగిపోయిన కెరటాల సంగతీ ఆ హడావుడిలో ఎవరూ ఎత్తలేదు.

చినరేవు గట్టుమీద షామియానా వేశారు. రంగనాయకి మళ్ళీ లారీలో, ఈసారి బంతిపూల దండలతో వచ్చింది. గవర్రాజు మెళ్ళో పతకం వేసి, చేతిలో పత్రం పెట్టారు. "సదరు యజమాని సదరు పడవ యొక్క సమస్త స్వభావములను సంపూర్ణముగా ఎరిగినవాడని, ఉత్తమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడని ధ్రువీకరించడమైనది." కింద కోదండపాణి సంతకం.

గవర్రాజు పత్రం మడిచి చంకలో పెట్టుకుని, డైరెక్టర్ జనరల్ దగ్గరికెళ్ళి నెమ్మదిగా అన్నాడు. "సార్, ఇప్పుడే ఎక్కకండి. చెక్క ఎండిపోయింది. ముందు దీన్ని గట్టు పక్కన లోతు తక్కువ నీళ్ళలో ముంచి కొన్నాళ్ళు వదిలెయ్యాలండి. పలకలు నాని, ఉబ్బి, సందులు పూడిపోతాయి. అప్పుడు నీళ్ళు తోడేసి తిప్పుకోవచ్చు."

"ముంచాలా?" అన్నారు నిరంజనప్రసాద్ గారు. చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాల్లో రక్తం లేదు. "మిస్టర్ గవర్రాజ్, మా సంస్థ వేదిక మీద ఆ మాట ఎవరూ వాడరు. భద్రతా సంస్కృతి మాటలతో మొదలవుతుంది." అని, చేతి మైకు పుచ్చుకుని, ఫొటోగ్రాఫర్లు సిద్ధంగా ఉన్నారో లేదో చూసుకుని, పడవ ఎక్కి మధ్యలో నిలబడ్డారు. అటెండర్లు పడవని నీళ్ళలోకి నెట్టారు.

రంగనాయకి ఒరగలేదు. తొందరపడలేదు. చాలాకాలానికి పుట్టింటికి వచ్చిన మనిషిలా కుదురుగా, నిదానంగా కిందికి కూర్చోవడం మొదలుపెట్టింది. డైరెక్టర్ జనరల్ ఉపన్యాసం ఆపలేదు. "భద్రత అనేది గమ్యం కాదు, ప్రయాణం," అన్నప్పుడు నీళ్ళు చీలమండలకి వచ్చాయి. "అధైర్యపడవలసిన అవసరం లేదు," అన్నప్పుడు మోకాళ్ళకి. "పరిస్థితి పూర్తిగా మన అదుపులో," అన్నప్పుడు నడుముకి వచ్చి, అక్కడ నేల తగిలి పడవ ఆగింది. మైకు గుడగుడమని చప్పుడు చేసింది. ముందువరసలో కొందరు అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు.

మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చూసినవాళ్ళు ఏడుస్తోందనుకున్నారు. ఇంటికెళ్ళి తలుపేసుకున్నాక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కడుపు పట్టుకుని నవ్వారు. "మునిగిందే మంగా!" అన్నాడు గవర్రాజు. అంత ఆనందంగా ఆ మాట అన్న పడవ యజమాని మరొకడు ఉండడు.

మర్నాడు విచారణ కమిటీ వేశారు. యజమానికీ పడవకీ పరిచయం సంపూర్ణం కాబట్టి అతని తప్పేమీ లేదని మొదటి పూటే తేలిపోయింది. డైరెక్టర్ జనరల్‌కీ పడవకీ పరిచయం ఉందా అన్నది సున్నితమైన ప్రశ్న కాబట్టి, దాన్ని పరిశీలించడానికి వాళ్ళు కొండమీది అతిథిగృహానికి వెళ్ళారు. వెళ్ళేముందు ఆదేశాలిచ్చారు. మునిగిన పడవ సాక్ష్యం కనుక, నివేదిక వచ్చేదాకా దాన్ని ఎవరూ కదిలించరాదు. చుట్టూ గెడలు పాతి ఎర్ర రిబ్బను కట్టాలి. పరిచయాధికారి గట్టుమీదే ఉండి కాపలా కాయాలి. తప్పుడు పత్రం మీద సంతకం చేసినందుకు ఇది శిక్షని ఎవరూ అనలేదు గానీ, కుర్చీ మాత్రం ఆయన్నే సొంతంగా తెచ్చుకోమన్నారు.

కాబట్టి గవర్రాజు ఎన్ని దండాలు పెట్టినా దొరకనిది రంగనాయకికి ఇప్పుడు ప్రభుత్వ ఖర్చుతో, కాపలాతో సహా దొరికింది. పగలూ రాత్రీ నీళ్ళలోనే ఉంది.

కోదండపాణి గొడుగు వేసుకుని గట్టుమీద కూర్చున్నాడు. పోటు వచ్చి పడవని పూర్తిగా కప్పేస్తే, "నీటిమట్టంలో అనధికార పెరుగుదల" అని రాసుకున్నాడు. పాటుకి నీళ్ళు వెనక్కి తీసి పడవ అంచు బయటపడితే, "పూర్వస్థితి పునరుద్ధరణ" అని రాసుకున్నాడు. కొన్నాళ్ళకి ఏమీ రాయకుండా ఊరికే చూడ్డం మొదలుపెట్టాడు. కొంగలు చూశాడు. దూరంగా ఇంజను పడవలు చూశాడు. మంగాయమ్మ రోజూ పెరుగన్నం, మాగాయ తెచ్చి పెట్టేది. "తినండి బాబూ, సాక్ష్యం ఎక్కడికీ పోదులెండి," అనేది. ఆయన ఓరోజు తింటూ తింటూ, "ఇక్కడ గాలి బావుంటుందమ్మా," అని, ఆ మాట తనదేనా అన్నట్టు తనే ఆశ్చర్యపోయాడు.

గవర్రాజు ఎర్ర రిబ్బను కిందనుంచి మునిగి వెళ్ళి పలకలు తడిమి చూసేవాడు. మొదట్లో సందుల్లో వేలు పట్టేది. తర్వాత గోరు. ఒక పొద్దున తడిమితే గోరు కూడా దిగలేదు. పలకా పలకా అతుక్కుపోయి, మధ్యలో గీత మాత్రమే తగిలింది. ఒక్క ఉదుటున నీళ్ళలోంచి పైకి తేలాడు. గట్టుకి వచ్చి, తల తుడుచుకుని, కోదండపాణి ఎదుట నిలబడ్డాడు.

"సార్, బిగిసిపోయిందండి. ఇక తోడెయ్యొచ్చు. ఇంకా అలాగే వదిలేస్తే పోటుకి ఇసుక మేటవేసి పాతేస్తుంది. కమిటీ వాళ్ళెప్పుడు దిగుతారో ఏమో. మీరే ఏదో దారి చూపించాలి."

"ఆదేశాలు స్పష్టంగా ఉన్నాయి గవర్రాజు గారూ. కదిలించరాదు."

"తోడటం కదిలించడం కిందకొస్తుందాండి?"

కోదండపాణి జేబులోంచి ఆదేశం తీసి, కళ్ళజోడు సవరించుకుని, చాలాసేపు చదివాడు. తర్వాత నీళ్ళకేసి చూశాడు. మళ్ళీ చదివాడు. "కదిలించరాదు అనే ఉంది. తోడరాదని లేదు," అన్నాడు. ఆదేశాన్ని జాగ్రత్తగా మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

పాటు పూర్తిగా తీసి పడవ అంచులు బయటపడేదాకా ఆగి, మొగుడూ పెళ్ళాలిద్దరూ బొక్కెనలు పుచ్చుకుని దిగారు. తోడారు, తోడారు. చేతులు పడిపోయేదాకా తోడారు. ఎక్కడైనా నీళ్ళు తిరిగి ఊరుతాయేమోనని గవర్రాజు ఊపిరి బిగబట్టి చూశాడు. ఒకటి రెండు చోట్ల చెమ్మ తేలింది, అంతే. పోటు మొదలైంది. నీళ్ళు అడుగున చేరి, రంగనాయకి చిన్నగా ఒళ్ళు విరుచుకుని లేచింది. మంగాయమ్మ బొక్కెన వదిలేసి పడవ అంచుకి చెంప ఆనించి భోరుమంది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

కోదండపాణి గట్టుమీద లేచి నిలబడి, ఎవరో రాసుకుంటున్నారన్నంత స్పష్టంగా పలికాడు. "మునిగిన పడవని కదిలించరాదని ఆదేశం. ఇది మునిగిన పడవ కాదు. తేలుతున్న పడవ విషయమై నాకు ఎటువంటి ఆదేశాలూ లేవు." అని వంగి, తనే స్వయంగా ఎర్ర రిబ్బను ముడి విప్పాడు.

గవర్రాజు చాప ఎత్తుతుంటే ఆయన అక్కడే నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఇంకో సంగతి. సదరు పడవకి కాపలా ఉండమని నాకు ఉత్తర్వు. పడవ గట్టు దగ్గరుంటే నేను గట్టుమీద ఉండాలి. పడవ వెళితే..." అని ఆగి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడవడం మొదలుపెట్టాడు.

"మీకు దీంతో ఇంకా పరిచయం కాలేదు కదండీ?" అంది మంగాయమ్మ, ఏ మాత్రం నవ్వకుండా.

ఒక కాలు బురదలో పెట్టి కోదండపాణి అలాగే ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. గవర్రాజు నవ్వి చెయ్యి అందించి ఆయన్ని లోపలికి లాగాడు. ఎక్కగానే పడవ ఓ పక్కకి ఒరిగింది. ఇటుకల మీద అది ఎప్పుడూ అలా చెయ్యలేదు కాబట్టి, ఆయన పక్కనే ఉన్న చాప కొయ్యని వాటేసుకున్నాడు.

గాలి అందుకుంది. కొత్త చాప ఒక్కసారిగా నిండి, కుట్లన్నీ బిగిసి, రంగనాయకి గట్టుని వదిలి పాయ మధ్యకి దూసుకుపోయింది. గవర్రాజు చుక్కాని కుడికి తోశాడు. పడవ ఎడమకి పోయింది. ఎడమకి తోశాడు. పడవ ఒక్క క్షణం ఆలోచించి, ఇంకాస్త ఎడమకి పోయింది. చాప టపటప కొట్టుకుని ఆ పక్కనుంచి ఈ పక్కకి తిరిగితే ముగ్గురూ తలలు దించుకున్నారు. నురగ ఎగిరి కోదండపాణి ఇస్త్రీ చొక్కా మీద పడింది. ఎదురుగా సముద్రం నోరు తెరుచుకుని కనిపిస్తోంది. మంగాయమ్మ తాడు పట్టుకుని కిలకిలా నవ్వుతోంది. గవర్రాజు కళ్ళు మెరుస్తున్నాయి.

"గవర్రాజు గారూ!" అని కోదండపాణి గాలి మీంచి కేకపెట్టాడు. "ఈ పడవ సంగతులన్నీ తమరికి క్షుణ్ణంగా తెలుసు కదా?"

"ఒక్క ముక్కా తెలీదండి!" అని గవర్రాజు హుషారుగా అరిచాడు. "ఉత్తమ శ్రేణి ఇచ్చింది మీరే కదండీ!"

కోదండపాణి కొయ్యని రెండు చేతులతో కరుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కాళ్ళ కింద పడవ ఎటు ఒరుగుతోందో మొదటిసారి శ్రద్ధగా గమనించడం మొదలుపెట్టాడు.